కొట్టేసిన పేర్లు

హనుమమ్మ చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. ఇంగ్లిషు అక్షరాలు గుర్తుపడుతుంది, కూడబలుక్కుని చదువుతుంది, అర్థం మాత్రం అడక్కూడదు. అలాంటి మనిషి యాభై రెండో ఏట కొడుకు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పొద్దంతా కంప్యూటర్ చదువుతుందంటే ఊళ్లో ఎవరైనా పళ్లికిలిస్తారు. అందుకని ఎవరికీ చెప్పలేదు. నవ్వుతారన్నది ఒక కారణం మాత్రమే. అసలు కారణం ఏమిటంటే, ఆ సంగతి బయటపడితే నరేశ్ నౌకరీ ఉండదు.

నరేశ్‌కు ఇరవై తొమ్మిదేళ్లు. పట్నంలో ఒక చిన్న కంపెనీకి ప్రోగ్రాములు రాస్తాడు. కరోనా కాలంలో అందరిలాగే ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని రామన్నపేట పక్కన ఉన్న సొంతూరికి వచ్చాడు. అందరూ వెనక్కి పోయారు గానీ ఇతను పోలేదు. మొదట రేచీకటి అన్నారు. తర్వాత పట్నం డాక్టరు కళ్లలోకి లైటు వేసి చూసి, కంటి వెనకాల పొర ఎండిపోతోంది, దీనికి మందు లేదు అన్నాడు. చుట్టూ చూపు పోయి నడిమధ్య కొంచెం మిగిలింది. అది కూడా మసకేసింది. గుడ్డికన్నా మెల్ల నయం అంటారు పెద్దలు. మెల్లకన్నే అయితే హనుమమ్మ తాళ్లెక్కేవాళ్ల దేవుడు కాటమయ్యకు కోడిని కోసి మొక్కు తీర్చుకునేది.

ఆ సంగతి నరేశ్ కంపెనీకి చెప్పలేదు. చూపు పోయినా వేళ్లు పోలేదు. కీబోర్డు మీద అక్షరాలు ఎక్కడున్నాయో నరేశ్ వేళ్లకు తెలుసు. రాసినదాన్ని కంప్యూటరే చదివి వినిపించే ఏర్పాటు ఒకటి ఉంది, అది చెవిలో గొణుగుతూ ఉంటుంది. కానీ ఒక్క దగ్గర అది మూగదైపోతుంది. అదే డబ్బా.

ఆ డబ్బా సంగతి నరేశ్ తల్లికి ఇలా చెప్పాడు. "ఫంక్షన్ అంటే మేస్త్రి అసోంటిదమ్మా. పేరు పెట్టి పిలిచి బ్రాకెట్ తెరిస్తే, నాకేమేం సామాను గావాలో గా డబ్బాల చూపెడ్తది. ఇటుక ముందు అడిగితే ఇటుకనే ముందు ఇయ్యాలె. సిమెంటు ముందు ఇస్తే గోడ లేవదు." బ్రాకెట్ తెరవగానే అక్షరాల పక్కన బూడిదరంగు డబ్బా ఒకటి ఊడిపడుతుంది. దాంట్లో వరసగా పేర్లు. ఇప్పుడు ఏది ఇవ్వాలో ఆ పేరు లావుగా కనబడుతుంది. ఆ కంపెనీవాళ్లు ప్రోగ్రాములు రాసే ఎడిటర్‌కు ఈ డబ్బాను సొంతంగా తగిలించుకున్నారట. చదివే సాఫ్ట్‌వేర్‌కు అది అసలు డబ్బాలాగే కనబడదట. కంప్యూటర్ కట్టినవాళ్లకు గుడ్డివాళ్లు గుర్తుండరు, ఆ మాటకొస్తే బస్టాండు కట్టినవాళ్లకూ గుర్తుండరు.

అలా హనుమమ్మ ఉద్యోగంలో చేరింది.

ఆమె చదివే తీరే వేరు. పన్నెండేళ్లు కరువు పనిలో కూలీల మీద మేట్‌గా చేసిన మనిషి. చెరువు పూడిక తీసేటప్పుడు మస్టరు, అంటే హాజరు పుస్తకం, చేతిలో పట్టుకుని ఆమె పేరు పిలిస్తే అవతలి గట్టు దాకా వినబడేది. కూలీ "ఉన్న" అనాలి, ఆమె టిక్కు పెట్టాలి. పలక్కపోతే రెండోసారి, మూడోసారి పిలుస్తుంది. మూడోసారికి కూడా పలక్కపోతేనే గైర్‌హాజరు రాస్తుంది. ఒక్కసారి పిలిచి వదిలేసే మేట్లు ఉన్నారు. వాళ్ల మూలంగా ఎండలో కర్ర పొడుచుకుంటూ వచ్చే ముసలమ్మల కూలి పోయేది. హనుమమ్మ అలాంటి పాపం చేయలేదు.

డబ్బాను కూడా ఆమె మస్టరులాగే చదివేది. "నేమ్" అని ఆగేది. నరేశ్‌కు మొదట్లో నవ్వొచ్చింది. తర్వాత తనూ ఆ ఆటలో పడ్డాడు. పేరు టైపు చేసి "ఉన్న" అనేవాడు. "డేట్." "ఉన్న." "ఫోన్." "ఉన్న." అలా ఏడాదిన్నర నడిచింది. మీటింగు ఉన్నప్పుడు మాత్రం హనుమమ్మ నోట్లో కొంగు కుక్కుకుని కూర్చునేది. కెమెరా ఎప్పుడూ కొడుకు మొహం మీదే ఉండేది. ఆ మొహం స్క్రీన్ వైపు చూస్తున్నట్టే కనబడేది.

ఇక ఆమెకున్న అలవాటు ఒకటి చెప్పాలి. తంటా అంతా అక్కడే మొదలైంది.

మస్టరులో కొట్టేసిన పేర్లు ఉంటాయి. పోయినవాళ్ల పేర్లు. వాటిని మేట్ పిలవదు. పోయినవాళ్లను పేరు పెట్టి పిలిస్తే వెనక్కి తిరిగి చూస్తారని, చూస్తే మళ్లీ పోవడానికి మనసొప్పదని అక్కడి ఆడవాళ్లంటారు. హనుమమ్మ మొదట్లో ఇలాంటివి పట్టించుకునేది కాదు. ఏడేళ్ల కింద ఒక పొద్దున, మస్టరు సగం పిలిచాక, ఆమె ఫోను మోగింది. ఆ దేవుడి పేరే ఉన్న భర్త కాటమయ్య తాడిచెట్టు మీద నుంచి పడ్డాడని చెప్పారు. "దెబ్బలేమన్న తగిలినయా?" అని అడిగింది. ఫోన్లో అవతలి మనిషి ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం ఆమె చెవిలో ఇంకా ఉంది.

కాటమయ్య పేరు కూడా ఆ పుస్తకంలోనే ఉంది. కల్లు లేని రోజుల్లో అతనూ మట్టి మోసేవాడు. దినాలయ్యాక ఆమె పనికి పోయిన మొదటిరోజు ఫీల్డ్ అసిస్టెంటు రామచంద్రయ్య పక్కన నిలబడి, "కొట్టెయ్యాలె గద హనుమమ్మా, ఆడిటోళ్లొస్తరు" అన్నాడు. ఆమె స్కేలు పెట్టి, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, వంకర పోకుండా గీసింది. ఆ రోజు నుంచి కొట్టేసిన పేరు కనబడితే ఆమె కన్ను దానిమీద ఆగదు. ఆగనివ్వదు.

డబ్బాలో కూడా కొన్ని పేర్ల మీద గీత ఉండేది. నరేశ్ వాటి గురించి ఎప్పుడూ చెప్పలేదు, ఆమె ఎప్పుడూ అడగలేదు. ఏడాదిన్నరలో అలాంటివి నాలుగైదు వచ్చి ఉంటాయి. ఆమె దాటేసింది. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే కొంప ముంచింది.

ఆ మంగళవారం పట్నంలో ఒక పెద్ద దవాఖాన పని వచ్చింది. రోగుల ఇళ్లకు ఫోన్లో కబురు పంపే ప్రోగ్రాము. ఆపరేషన్ ఎప్పుడు, రిపోర్టు ఎప్పుడు, డిశ్చార్జి ఎప్పుడు అన్నీ అదే చెబుతుంది. ఇప్పుడు ఇంకో కబురు కలపాలన్నారు. రోగి చనిపోతే పంపేది. "మీ రోగి మరణించినందుకు చింతిస్తున్నాము. భౌతికకాయాన్ని తీసుకెళ్లేందుకు ఆధార్ కార్డుతో రండి." రాసినవాడికి చింత ఉందో లేదో గానీ ఆధార్ కార్డు మాత్రం మర్చిపోలేదు.

నరేశ్ దాన్ని రాసి, దవాఖానలో ఉన్న రోగులందరి జాబితా పెట్టి, ముందు ఉత్తుత్తిగా ఒకసారి నడిపించి చూద్దామనుకున్నాడు. అలా నడిపిస్తే లెక్కలన్నీ జరుగుతాయి గానీ కబురు ఎవరికీ పోదు. ఈ ఉత్తుత్తి ఏర్పాటు ఇక మీదట సెట్టింగుల్లోకి మారుతుందని మీటింగులో విన్నాడు. అక్కడ పెట్టాడు. పంపే ఫంక్షన్ మాత్రం అతనికి కొత్తది. దాని పేరు టైపు చేసి బ్రాకెట్ తెరిచాడు.

"సదువమ్మా."

"లిస్ట్" అంది హనుమమ్మ.

"ఉన్న."

"మెసేజ్."

"ఉన్న. ఇంకేమన్న అడుగుతాందా?"

డబ్బాలో మూడో పేరు ఉంది. దాని నడుం మీదుగా గీత ఉంది. హనుమమ్మ కన్ను దానిమీద ఆగలేదు.

"లేదు బిడ్డ. గంతే. రెండే."

నరేశ్ బ్రాకెట్ మూసి నడిపించాడు. హనుమమ్మ లేచి బియ్యం కడగడానికి పోయింది.

అన్నం ఉడికేలోపే ఫోన్లు మొదలయ్యాయి. దవాఖానలో ఉన్న మూడు వందల పన్నెండు మంది రోగుల ఇళ్లకూ కబురు పోయింది. మూడు వందల పన్నెండు ఇళ్లలో ఒకేసారి ఏడుపు. నందికొండ నుంచి బస్సెక్కిన ఒకావిడ దారంతా శోకాలు పెడుతూ వచ్చి, వార్డులో మొగుడు బ్రెడ్డు పాలలో ముంచుకుని తింటుంటే చూసి అక్కడే కూలబడిందట. ఒక ఊళ్లో వాకిట్లో టెంటు కూడా వేశారట. దవాఖాన గేటు అద్దాలు పగిలాయట. ఈ సంగతులన్నీ ఫోన్లో చెప్పింది విజేందర్. నార్కట్‌పల్లి వాడు, కంపెనీలో నరేశ్ పైవాడు. నరేశ్‌కు చూపున్న రోజుల్లో ఒకసారి ఇంటికొచ్చి హనుమమ్మ చేతి పచ్చిపులుసు తిని, అమ్మా అని పిలిచి పోయినవాడు.

"డబ్బాల మూడోది కండ్ల ముంగట్నే ఉంటది గద నరేశ్. ట్రయల్ అని. ఎట్ల ఇడిసిపెట్టినవ్?" అన్నాడు విజేందర్.

నరేశ్‌కు అంతా అర్థమైంది. హనుమమ్మకు కూడా అర్థమైంది. ఆమె ఫోను వైపు వంగి నోరు తెరిచింది. నరేశ్ గాల్లో తడుముకుని ఆమె మణికట్టు పట్టుకున్నాడు, గట్టిగా.

"జర సోయి లేకుండె అన్న. తప్పు నాదే" అన్నాడు.

నరేశ్ ఫోన్ పెట్టేశాడు. పొయ్యి మీద అన్నం మాడిన వాసన వచ్చింది. ఎవరూ లేవలేదు.

"మూడోది ఉండెనా అమ్మా?" అని అడిగాడు చివరికి.

"ఉండె. దానిమీద కొట్టేసి ఉండె. కొట్టేసింది నేనెందుకు సదువుత కొడుకా. పోయినోళ్ల పేరు గద."

నరేశ్‌కు తండ్రి పేరు, ఆ పుస్తకం, ఆ గీత అన్నీ తెలుసు. తెలిసి కూడా ఏడాదిన్నరలో ఒక్కసారైనా ఈ రెంటినీ కలిపి చూసుకోలేదు. కోపం రావలసిన చోట అతనికి నీరసం వచ్చింది.

"గది పోయినట్టు కాదమ్మా. ముందుముందు తీసేస్తం, కొత్తగా వాడకుండ్రి అని గుర్తు. తీసేసేదాంక అది పని జేస్తనే ఉంటది. కొట్టేసిన్రు గని ఇంక బతికే ఉన్నది. గా కొత్త సెట్టింగు గింక రాలేదు, నేనే తొందరపడ్డ. మూడోది ఇయ్యకపోతే నిజమే అనుకున్నది, పంపింది."

"కొట్టేసినంక గూడ బతికే ఉంటదా?"

"ఉంటది. ఇగ సంది కొట్టేసినయి గూడ సదువు."

"సదువుత" అంది హనుమమ్మ. తర్వాతి రెండు రోజులూ ఆమె ముద్ద మింగలేకపోయింది. టెంటు వేసిన ఇల్లే కళ్లముందు ఆడింది. ఫోన్లో ఆ కబురు చూసిన ఆడమనిషి ఏ చెరువు గట్టున నిలబడి ఉందో, చేతిలో ఏముందో. అది ఎలా ఉంటుందో హనుమమ్మకు తెలుసు. తెలిసిన మనిషి చేతిమీదుగానే అది మూడు వందల పన్నెండు ఇళ్లకు పోయింది.

దానికి తోడు, తన తప్పు కొడుకు మోస్తున్నాడు. తను మేట్‌గా ఉన్నప్పుడు ఒకసారి ఒక కూలీ హాజరు తప్పు పడితే, ఆఫీసుకు పోయి, తప్పు నాది, వాడి కూలి కొయ్యొద్దు అని చెప్పింది. ఎండీవో తిట్టాడు గానీ కూలి కొయ్యలేదు. నిజం చెబితే ఎదుటివాడికి మనసుంటే కరుగుతుందని ఆమెకు ఆ రోజు నుంచి గట్టి నమ్మకం.

శుక్రవారం మధ్యాహ్నం నరేశ్ పడుకున్నప్పుడు, అతని ఫోన్లో విజేందర్ పేరు వెతికి పట్టుకుని, ఇంటి వెనక బావి దగ్గరికి పోయి నొక్కింది.

"మావోని తప్పు లేదు బిడ్డా" అని మొదలుపెట్టింది. "వానికి కండ్లు కనపడయి. చదివింది నేను. కొట్టేసిన పేరని ఇడిసిపెట్టిన. తిడితే నన్ను తిట్టుండ్రి."

అవతల విజేందర్ చాలాసేపు ఏమీ అనలేదు. ఆ మౌనం ఆమె చెవికి పాతదే. అయినా ఆమె గుర్తుపట్టలేదు.

"ఎన్ని దినాల సంది అమ్మా?"

"ఏడాదిన్నర. అన్ని సక్కగనే జేసినం."

"పేషెంట్ల పేర్లు, నంబర్లు, రోగాలు, గవి గూడ మీకు కనపడ్తుండెనా?"

"కనపడకుంట ఎట్ల సదువుత బిడ్డా. అన్ని కనపడ్తయి" అంది హనుమమ్మ. ఆ మాటలో కాస్త గర్వం కూడా ఉంది.

"మీరు గీ ముచ్చట నాకు చెప్పకపోతే బాగుండె అమ్మా" అన్నాడు విజేందర్ మెల్లగా. "నా నౌకరి గూడ నాకు ఉండాలె గద."

ఆ మాటకు అర్థం ఆమెకు తెలియలేదు. మంచి పిల్లగాడు, బాధపడ్డాడు అనుకుంది. గుండె మీద బరువు దిగినట్టయి, ఆ సాయంత్రం రొట్టె చేసి కొడుక్కు పెట్టి తనూ సగం తిన్నది.

శని, ఆదివారాలు గడిచాయి. సోమవారం పొద్దున్నే నరేశ్ తలస్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. వారం పొడవునా లేని హుషారు కొంచెం మొహంలో ఉంది. ప్రతి సోమవారం వాళ్ల టీమ్ పేజీలో ఆ వారం ఎవరెవరు ఏ పని చేయాలో పట్టిక పెడతారు. దాన్ని తెరిచాడు.

"సదువమ్మా. కొట్టేసినయి గూడ."

హనుమమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"పరశురాం" అంది. "భాగ్యశ్రీ. మెర్సీ."

నాలుగో పేరు ఉంది. దాని నడుం మీదుగా, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, స్కేలు పెట్టినట్టు సూటిగా గీత ఉంది. హనుమమ్మ కన్ను జారిపోబోయింది. ఆమె దాన్ని పట్టి ఆపింది.

"ఏమైందమ్మా? సదువు."

ఆమె అప్పుడు కూడా దాటేయగలిగేది. వర్షిత, నర్సింహ అని కింది పేర్లు చదివి ఊరుకుంటే, కొడుకు ఇంకో గంటైనా ఆ ఉతికిన చొక్కాలో ఆశగా కూర్చునేవాడు. కానీ మాటిచ్చింది. దాటేస్తే ఏమవుతుందో కూడా చూసింది.

"నరేశ్" అంది. "గీత ఉన్నది బిడ్డా."

నరేశ్ చొక్కా అంచు సరిచేసుకున్నాడు. "తప్పు చూసినవేమో. బేస్తారం నాడు విజేందరన్న ఫోన్ జేసిండు. పైనోళ్లతోని మాట్లాడిన, తప్పయిందని ఒక చిట్టీ రాయించుకొని ఇడిసిపెడ్తరు, సోమవారం సంది మామూలే అన్నడు. అయ్యేదాంక నీకు చెప్పొద్దనుకున్న" అన్నాడు.

హనుమమ్మ వేళ్లమీద లెక్కపెట్టింది. బేస్తవారం. తను ఫోన్ చేసింది శుక్రవారం.

"నేను జేసిన కొడుకా" అంది. "శుక్రారం నాడు. విజేందర్ సారుకు. నీ కండ్ల ముచ్చట, నేను సదివిన ముచ్చట, అంత జెప్పిన. నిన్ను కాపాడుకుందామని."

"నంబర్లు గిట చూసినవని గూడ జెప్పినవా?"

"అడిగిండు. చెప్పిన."

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు అంటారు. తాటిపండు తనే అయినప్పుడు ఏమంటారో హనుమమ్మకు తెలియదు. దవాఖానవాళ్ల రోగాల వివరాలు బయటి మనిషి చూసిందంటే ఏ కంపెనీ ఊరుకోదని, సోయి తప్పడం క్షమిస్తారు గానీ ఇది క్షమించరని నరేశ్ విడమరచి చెప్పలేదు. చెప్పే అవసరం లేకపోయింది. అతను కీబోర్డు మీద నుంచి చేతులు రెండూ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ చేతులు అలా ఊరికే ఉండడం ఆమె ఎన్నడూ చూడలేదు.

తిడితే బాగుండుననిపించింది. చెయ్యెత్తినా బాగుండుననిపించింది. నరేశ్ మొహం స్క్రీన్ వైపే ఉంది, మీటింగుల్లో ఉన్నట్టే. కొట్టేసిన్రు గని ఇంక బతికే ఉన్నది అని అతనే అన్న మాట ఆమెకు గుర్తొచ్చింది. దాన్నే పట్టుకుంది. వేరే ఏమీ దొరకలేదు.

"నరేశ్" అని పిలిచింది, మస్టరు పిలిచినట్టు.

జవాబు లేదు.

"నరేశ్" అంది రెండోసారి, కొంచెం గట్టిగా, చెరువు అవతలి గట్టున ఉన్న మనిషికి వినబడేలా. అక్షరం పోకుండా పిలిచింది.

కొడుకు పెదవి కదల్లేదు. బయట రైలు వచ్చి రామన్నపేట స్టేషన్లో ఆగి, మళ్లీ కదిలిపోయింది.

హనుమమ్మ నోటి దాకా మళ్లీ ఆ పేరు వచ్చింది. మూడోసారికి కూడా పలక్కపోతే ఏం రాయాలో ఆమెకు తెలుసు. అందుకని పిలవలేదు. కుర్చీలో అలాగే కూర్చుని, అతను పలికే దాకా ఆగుదామనుకుంది.